హోల్డ్‌లో ఉన్న పాట

మా అన్నయ్య పోయాడు. మూడు వారాలైంది. నాష్‌విల్ నుంచి అన్నయ్య ఇంటి ఓనరు ఫోన్ చేసినప్పుడు నేను నార్త్ కరోలినాలోని క్యారీలో, ఆఫీస్ పార్కింగ్‌లోంచి కార్ బయటికి తీస్తున్నాను. గుండె ఆగిపోయిందట. పొద్దున కాఫీ పెట్టుకుని, తాగకుండానే వెళ్లిపోయాడట. ఇంజన్ ఆపేశాను. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అన్నయ్య మీదే. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సొంత అన్నయ్య కాదు, మా పెదనాన్న కొడుకు. టెన్నెసీలోనే పుట్టి పెరిగాడు. చిన్నప్పుడే తండ్రి పోతే పెద్దమ్మ ఒక్కతే ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ పెంచింది. కాలేజీ మధ్యలో వదిలేసి డ్రమ్స్ పట్టుకున్నాడు. మన సినిమా పాటల రికార్డింగుల్లో వాయించేసి, పేరూ ఊరూ లేకుండా ఇంటికి పోయేవాళ్లుంటారు చూడండి, అక్కడా అంతే. సెషన్ డ్రమ్మర్ అంటారు. పాతికేళ్లకు పైగా కంట్రీ పాటలకు, అంటే అక్కడి పల్లె బాణీ పాటలకు వాయించాడు. మీరెప్పుడైనా అమెరికాలో కార్ రేడియో తిప్పి ఉంటే మా అన్నయ్యను విన్నట్టే. విన్నారని మీకు తెలియదు, అంతే.

నేను హెచ్-వన్ మీద కొత్తగా వచ్చినప్పుడు నన్నొక సెషన్‌కు తీసుకెళ్లాడు. పాట ఒక్కసారి వినడం, కాగితం మీద నాలుగు గుర్తులు గీసుకోవడం, వాయించెయ్యడం. చిన్న డ్రమ్ము మరీ గణగణమంటుంటే జేబులోంచి పర్సు తీసి దాని మీద పెట్టాడు. పెద్ద డ్రమ్ములో మోత తగ్గడానికి అందరూ దుప్పటి కుక్కుతారు. అన్నయ్య డ్రమ్ములో మాత్రం పెద్దమ్మ పాత నేతచీర ఉండేది. "ఈ దేశమంతా నా చీరనే వింటోందే, ఎవరికీ తెలీదు గానీ," అని పెద్దమ్మ నవ్వేది.

పని అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. బల్ల మీద గానీ, స్టీరింగ్ మీద గానీ వేళ్లు ఆడించడం నేనెప్పుడూ చూడలేదు. అదేంటి అన్నయ్యా, డ్రమ్మర్లు ఊరుకోలేరంటారు కదా అని అడిగితే, "ఊరుకోవడం కూడా ప్రాక్టీస్ చేయాలి చెల్లీ," అన్నాడు.

అసలు కోరిక పాటలు రాయడం. పాట కుదిరేదాకా కాగితం మీద పెట్టేవాడు కాదు, కుదిరాక పెట్టాల్సిన అవసరం లేదనేవాడు. "మర్చిపోయే పాట అయితే, మర్చిపోవడమే బెటర్." అలా మర్చిపోనిది ఒకటి కుదిరింది. పెదనాన్న పోయాక పెద్దమ్మ కార్ నడపడం నేర్చుకున్న రోజుల గురించి ఆ పాట. ఇంటి దగ్గర చర్చి పార్కింగ్‌లో పెద్దమ్మ గుండ్రంగా కార్ తిప్పుతుంటే తొమ్మిదేళ్ల అన్నయ్య వెనక సీట్లో కూర్చునేవాడట. పాట గురించి నాకు చెప్పింది అంతే.

పదకొండేళ్ల కిందట ఒక పేరున్న గాయకుడి సెషన్‌లో, భోజనాల వేళ, ఎవరిదో గిటార్ తీసుకుని ఆ పాట పాడాడు. ఆ గాయకుడు చెంచా కింద పెట్టి, "ఇది నాకోసం హోల్డ్ చెయ్యి," అన్నాడట. ఆ ఊళ్లో అదొక ఆచారం. కాగితం ఉండదు, సంతకం ఉండదు. హోల్డ్ అన్నాక, అవతలివాళ్లు పాడడమో వదిలెయ్యడమో తేలేదాకా ఆ పాట ఇంకెవరికీ ఇవ్వకూడదు. అన్నయ్య స్టూడియో పార్కింగ్‌లోంచే పెద్దమ్మకు ఫోన్ చేశాడు. నేనప్పుడు సెలవు పెట్టి ఆమె దగ్గరే ఉన్నాను. స్పీకర్ పెట్టాం.

"అమ్మా, నీ పాట వస్తుంది రేడియోలో!"

"ఏదీ, ఓసారి పాడరా."

"నో అమ్మా. ఫస్ట్ టైమ్ నువ్వు రేడియోలోనే వినాలి."

ఆ ఏడు రాలేదు. మరుసటేడూ రాలేదు. అన్నయ్య రెండుసార్లు ఆ గాయకుడి ఆఫీస్‌కి ఫోన్ చేస్తే లిస్టులో ఉందన్నారు. మూడోసారి చెయ్యలేదు. ఎక్కువ అడిగితే తీసేస్తారని భయం.

నాలుగో ఏడు ఒక కొత్త గాయని ఆ పాట గురించి ఎవరో చెప్పగా విని, ఇంటికొచ్చి అడిగింది. ఇవ్వనన్నాడు. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. "ఊళ్లో అందరూ ఆర్నెల్లు చూసి ఇంకొకళ్లకి ఇచ్చేస్తారటగా! నీకే ఎందుకు ఈ హరిశ్చంద్ర వేషం?" అని ఫోన్‌లో అరిచాను.

"వాళ్లు ఇస్తారు చెల్లీ. నేను వర్డ్ ఇచ్చాను. నా పేరు ఎక్కడా లేదు కదా. నా మాట ఒకటే ఉంది."

ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

పెద్దమ్మ కిడ్నీలు పాడై మంచం పట్టింది. తలగడ పక్కన చిన్న రేడియో, పొద్దస్తమానం కంట్రీ స్టేషన్. "ఈ గోల నాకు పడదే. కానీ కట్టేస్తే అప్పుడే వస్తుందేమో వాడి పాట," అనేది. నిద్రలో ఉండగా వస్తే లేపమని నర్సుకు కూడా చెప్పి పెట్టింది. చివరి రోజుల్లో అన్నయ్యను వరండాలోకి లాక్కెళ్లి, ఇప్పుడైనా పాడమని బతిమాలాను. మంచం దగ్గరికి వెళ్లాడు, నోరు తెరిచాడు, మళ్లీ మూసేశాడు. బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

"నేను పాడితే అమ్మకి తెలిసిపోతుంది చెల్లీ, రేడియోలో రాదని."

పెద్దమ్మ పోయి ఐదేళ్లు. రేడియో ఆపింది నేనే.

ఆ తర్వాత పనీ తగ్గిపోయింది. అంతకు ముందెప్పుడో ఒక కంపెనీవాళ్లు అన్నయ్యను పిలిచి, ఒక్కో దెబ్బా విడివిడిగా రోజంతా రికార్డు చేసుకున్నారు. కంప్యూటర్‌లో వేసుకుని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు పేర్చుకోవచ్చు. ఒకసారి ఇద్దరం ఉల్లిపాయలు కొంటుంటే షాపులో ఏదో పాట వస్తోంది. అన్నయ్య ఆగిపోయాడు. "ఇది నా డ్రమ్ చెల్లీ. కానీ ఈ పాట నేను వాయించలేదు," అన్నాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడిలా అన్నాడు. చివరి మూడేళ్లూ పార్శిళ్ల వ్యాన్ నడిపాడు. పాట హోల్డ్‌లోనే ఉందని చెప్పడం మాత్రం మానలేదు.

కర్మకాండ అయ్యాక ఆ గాయకుడి ఆఫీస్‌కి నేను ఫోన్ చేశాను. ఇప్పుడైనా పాడండి, లేదా వదిలేయండి అని అడగడానికి. ఎత్తిన అమ్మాయి మర్యాదస్థురాలే. చాలాసేపు వెతికింది.

"ఆ పాట మేం వదిలేశాం, మేడమ్. ఎనిమిదేళ్లయింది. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆ కొత్త గాయని గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ఆ పాటకు ఏ కట్టుబాటూ లేదు. పెద్దమ్మ రేడియో కట్టెయ్యనివ్వకుండా పడుకున్నప్పుడూ లేదు. మా అన్నయ్య కాపలా కాసింది ఎవరికీ అక్కర్లేని మాటకి. ఆ అమ్మాయి సారీ అంది. ఆమె తప్పేముంది. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఇల్లంతా వెతికాను. ఒక్క కాగితం లేదు, ఒక్క పాదం లేదు. ఆ రోజు భోజనాల దగ్గర విన్నవాళ్లను పట్టుకుని అడిగితే, మంచి పాట అని గుర్తుంది గానీ మాటలు గుర్తులేవన్నారు. అన్నయ్య లాప్‌టాప్‌లో ఒకే ఒక్క ఫైల్ దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని పేరు. నొక్కాను.

వన్, టూ, త్రీ, ఫోర్ అని అన్నయ్య గొంతు. తర్వాత ఉత్త డ్రమ్స్. ఎప్పటికైనా రికార్డు చేస్తే తను వాయించాల్సింది ముందే సిద్ధం చేసుకున్నాడు. పాట లేదు, మాట లేదు, కార్ నెమ్మదిగా తిరుగుతున్నట్టు ఒకటే దరువు. రెండో చరణం అయ్యే చోట అది ఆగిపోయింది. ఒక్క పాదం పట్టేంత సేపు ఏమీ లేదు. అక్కడ పెద్దమ్మ గురించి ఏదో మాట ఉండాలి. అది స్పష్టంగా వినబడాలని వాయించడం ఆపి పక్కకు తప్పుకున్నాడు. ఆ ఖాళీలో స్టూలు కిర్రుమంది. అన్నయ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది. మళ్లీ దరువు మొదలైంది.