అన్న ఓటు కూడా వేస్తానన్న ముసలామె

కతర్‌లోని అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే ఇంట్లో వంట నాది, పిల్లల్ని చూసుకునే పని కెన్యా నుంచి వచ్చిన ఒకామెది. ఇద్దరికీ ఒకటే గది. నాది కడప పక్క పల్లె. మా మధ్య నడిచే భాష సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, అదీ చాలకపోతే చేతులు. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. చెల్లీ అని పిలిస్తే పలుకుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లంతా మేడమ్ పుట్టింటికి పోతారు. అట్లాంటి ఒక శుక్రవారం నేను ఇస్త్రీ చేస్తావుంటే చెల్లి ఊర్లో ఉన్న వాళ్ల అవ్వకు వీడియో కాల్ చేసింది. తొంబైకి దగ్గరపడిన మనిషి. ఫోన్లో నన్ను చూసి ఏదో అడిగింది.

"మీ దేశాన్ని కూడా తెల్లోళ్లే ఏలినారా అంటాంది" అని చెల్లి చెప్పింది.

"ఏలినారు" అన్నాను.

"మరి ఎట్ల పోయినారు?"

జెండా పండగకు బడిలో పంచిన పిప్పరమెంట్లు తప్ప నాకేమీ తోచలేదు. ముసలామె నవ్వి, తన సంగతి మొదలుపెట్టింది. చెల్లి ఒక్కో ముక్క నాకు అందిస్తా వచ్చింది.

ఆమెకు అప్పుడు పదహారేళ్లు. మంచి భూములన్నీ తెల్లోళ్లు తీసుకున్నారని మగవాళ్లు అడవిలోకి పోయి తిరగబడినారు. ఆమె అన్న కూడా పోయినాడు. తెల్లోళ్లు ఊర్లు తగలబెట్టి, జనాన్ని ఒకచోటికి తోలి, చుట్టూ కందకం తవ్వించినారంట. ఆ కందకం తవ్వింది ఈమె తల్లి, ఈమె, ఇంకా ఊరి ఆడవాళ్లే. కట్టెలకని బయటికి పంపినప్పుడు ఉడికించిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు అరిటాకులో చుట్టి ఒక బండ కింద పెట్టి వచ్చేది. మళ్లీ పోయేసరికి ఆకు ఖాళీగా ఉంటే, అన్న బతికే ఉన్నాడని అర్థం. ఒకరోజు ఆకు పెట్టినది పెట్టినట్లే ఉంది.

ఇంతవరకు చెప్పి ముసలామె మంచినీళ్లు తాగింది. నేను ఇస్త్రీపెట్టె ఆపేసినాను.

కొన్నేళ్లకు తెల్లోళ్లు దిగివచ్చినారు. మీ ప్రభుత్వాన్ని మీరే ఎన్నుకోండన్నారు. ఈమె బిడ్డను వీపున కట్టుకుని, తెల్లారకముందే పోయి వరసలో నిలబడిందంట. కాగితం చేతికిచ్చిన మనిషిని, "మా అన్నది కూడా నేనే వేస్తాను, ఇంకొకటియ్యి" అని అడిగింది. ఆ మనిషి, "ఇయ్యకూడదు తల్లీ" అన్నాడు. ఆయన కండ్లు తడిసినాయంట.

"జెండా ఎగిరినాక అడవిలో మిగిలినవాళ్లు దిగివచ్చినారు. నేను దినామూ రోడ్డు మీదికి పోయి చూసినాను. మా వాడు రాలేదు" అనింది ముసలామె. ఏడవలేదు. ఏడ్చింది మేమిద్దరమే.

మరుసటి రోజు మా అమ్మకు ఫోన్ చేసి వాళ్లమ్మ సంగతి ఎత్తి, "జేజి మొదటిసారి ఓటేసింది నీకు తెలుసా?" అని అడిగినాను.

"ఉన్నట్టుండి ఇదేంది నీకు?" అని, అమ్మ నవ్వింది. "మొదటిసారి వేయనియ్యలేదంట కదే! పేర్లు రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు మా నాయన తన పెండ్లామని రాయించినాడు గానీ పేరు చెప్పలేదు. పేరు లేకుంటే ఓటు లేదన్నారు. నడిచిపోయిన మనిషి నడిచే తిరిగొచ్చింది. వచ్చి మా నాయన మీద పడింది. 'తెల్లోని జైలుకు పోయొస్తివి, నా పేరు చెప్పేదానికి నోరు రాలేదా నీకు?' అని. మళ్లీ రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు వాకిట్లోకి వచ్చి తన పేరు తనే గట్టిగా చెప్పింది."

జేజి ఒళ్లోనే పెరిగినా, ఆ కథ నేను ఏనాడూ అడగలేదు. కతర్‌కు వచ్చి పదకొండేళ్లు. ఒక్కసారి కూడా ఓటేయలేదు.

ఊర్లో ఎన్నికలు దగ్గరికొచ్చినాయి. నా సెలవేమో ఎండాకాలం చివర. మేడమ్ దగ్గరికి పోయి ఎన్నికల నెలలోనే పంపమని అడిగినాను.

"ఎందుకు, ఎవరికన్నా బాగాలేదా?"

"అందరూ బాగున్నారు మేడమ్. ఓటేయాల."

ఆమె నన్ను వింతగా చూసింది. మూడో దినం వంటింట్లోకి వచ్చి, "మా అమ్మను కొన్నాళ్లు ఇక్కడ ఉండమన్నాను, ఆమె వంట చూసుకుంటుంది. యల్లా, ఇంక బయల్దేరి పోయిరా" అనింది. టికెట్టు కూడా తీసింది. చెల్లి నా పెట్టె సర్దింది.

మా పల్లె బడిలో వరసలో నిలబడినప్పుడు ఎండ మాడుస్తాంది. ఓటరు చీటీలో నా పేరు సరిగ్గానే ఉంది. లోపల జాబితా పట్టుకుని కూర్చున్న అమ్మాయి దాన్ని పైకి చదివితే, "నేనే" అని అవసరానికి మించి గట్టిగా అన్నాను. వెనక ఉన్నవాళ్లు నవ్వినారు.

సిరా పెట్టిన వేలు ఫోటో తీసి చెల్లికి పంపినాను. ఆమె దాన్ని వాళ్ల అవ్వకు చూపించిందంట. సాయంత్రం ఇద్దరూ కలిసి కాల్ చేసినారు. ముసలామె ఫోన్‌ను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంది, నాకు నుదురొక్కటే కనిపిస్తాంది.

"ఎవరికి వేసినావని అడుగుతాంది" అని చెల్లి.

"అది మాత్రం చెప్పను" అన్నాను.

తెలుగులోనే అన్నాను. అయినా ముసలామెకు అర్థమైనట్టుంది. పకపకా నవ్వింది.