కాలు మోపని కిషన్ పెడళ్లు

గంగాకిషన్ మొదటిసారి గెలిచింది 1984లో, ఉగాది మరునాడు. ఆర్మూరు పక్క నల్లరాళ్ల గుట్ట బాట మీద కింది నుంచి పైదాకా కాలు ఒక్కసారైనా నేలకు మోపకుండా సైకిల్ తొక్కాడు. గేర్లు లేవు. వాళ్ల నాయన వాడి వాడి వదిలేసిన పాత సైకిల్ అది. అంతకు ముందు మూడేండ్లు అదే బాట మీద పడుతూ లేస్తూ తిరిగాడు. మోకాళ్ల మీది మచ్చలు అందుకు సాక్ష్యం. ఆ రోజు నుంచి అతని ఇంటిపేరు ఎవరికీ పట్టలేదు. కాలు మోపని కిషన్ అంటే పెర్కిట్ దాకా తెలుసు.

చదువు ఏడో తరగతే. అయినా పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పడంలో అతనికి జోడీ లేదు, ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు. 1987 వానాకాలంలో సిరికొండ బాటలో వాగు పొంగి బస్సులు ఆగిపోతే, సైకిల్ నెత్తిన పెట్టుకుని వాగు దాటి దవాఖాన మందులు తెచ్చిచ్చింది అతనే. 1991లో జిల్లా సైకిల్ పందెంలో రెండో బహుమతి గెలిచాడు. మొదటి బహుమతి కొట్టినవానిది గేర్ల సైకిల్ అన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

అట్లాంటి మనిషికి 1996 దసరాకు గేర్ల సైకిల్ వచ్చింది. అతని భార్య గంగమణి తమ్ముడు, మోర్తాడ్ హన్మండ్లు, దుబాయి నుంచి విప్పి డబ్బాలో పెట్టి తెచ్చాడు. బొద్దు టైర్లు, గుట్టలెక్కే సైకిల్. నెల తిరగకముందే హైదరాబాద్ సైకిల్ క్లబ్బు వాళ్ల కాగితం కూడా వచ్చింది. జనవరి 26, 27 తారీఖుల్లో అనంతగిరి కొండల్లో పందెం. నిటారు బాటలో కాలు నేలకు తగిలిందా, బయటికే. ఆ షరతు చదివి కిషన్ నవ్వాడు. తన కోసమే రాసినట్టుంది.

నవ్వు నాలుగు రోజులే. కొత్త సైకిల్ మీద గుట్ట ఎక్కబోతే మూడో మలుపు దగ్గర కుడి కాలు పెడలు మీంచి జారి నేలను తన్నింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. పన్నెండేండ్ల పేరు పరాయి ఊళ్లో, పరాయివాళ్ల ముందర పోతుందేమోనని అతనికి తిండి సహించలేదు. డ్రమ్ము తిప్పుతూ తిప్పుతూ ఆగి, ఉత్త కాలితో గాలిలో పెడలు తొక్కేవాడు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే సైకిల్ దుకాణానికి పోయేవాడు.

సైకిల్ దుకాణం ముత్తెన్నది. కిషన్ కంటే పదేండ్లు పెద్ద. పందెం ఫారం నింపింది కూడా అతనే.

"పెడలే మంచిగ లేదన్నా. గీ ప్లాస్టిక్‌ది సబ్బుబిళ్ల లెక్క జారుతున్నది."

"గట్లనా? మొన్న సీటు మంచిగ లేదంటివి. అవుతల గేరంటివి. రేపు గుట్టనే మంచిగ లేదంటవా?"

అంటూనే ముత్తెన్న మన సైకిళ్ల రబ్బరు పెడళ్లు తీసి, దుబాయి సైకిల్‌కు పట్టేట్టు ఇరుసులు లేత్ మీద సరిచేయించి, బిగించాడు. పొద్దున బిగిస్తే మధ్యాహ్నానికి కిషన్ విప్పించాడు. మంచులో రబ్బరు జారుతున్నదట. పండ్లున్న ఇనుప పెడళ్లు బిగిస్తే ఉత్త కాళ్లు కోసుకుపోయాయి. ఆ ఇనుప వాటిని తానే విప్పబోయి, ఎడమ పెడలు ఉల్టా తిప్పాలన్నది మరిచి, ఇంకింత బిగించి కూర్చున్నాడు. చివరికి ముత్తెన్న నిజామాబాద్ నుంచి తోలు పట్టీ ఉన్న జత తెప్పించాడు.

"కాలు గీ పట్టీల ఇరికియ్యి. సచ్చినా జారది. పట్నపోళ్లు గివ్వే వాడుతరట."

కిషన్ పట్టీని చాలాసేపు చూశాడు. అందులో కాలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"కట్టేసిన కాలు నేలకు ఎట్ల తగుల్తదన్నా? గండ్ల నా గొప్పేమున్నది? వద్దు, దుబాయి పెడళ్లే పెట్టు."

జనవరి పది శుక్రవారం. గంగమణి తెల్లారే ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసింది. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలింది. గోడకు ఆనించిన సైకిల్ కనిపించింది. మొగుని గుబులు రోజూ చూస్తున్నదే. రెండు పెడళ్లకూ చక్కగా, మందంగా పసుపు పూసింది. కిషన్ చూసుకోకుండా ఎక్కిపోయాడు. మూడో మలుపు దాకా కూడా పోలేదు, మొదటి మలుపులోనే బోర్లా పడ్డాడు. కుంటుకుంటూ ఇంటికి వచ్చి కేకలేశాడు.

"పెడలుకు పసుపెవలు రాస్తరే? నీకేమన్న తిక్క లేసిందా?"

"కాలు పెట్టే జాగ గదనయ్యా! గడపకు రాయంగ లేంది దీనికి రాస్తె తప్పా? పసుపు డ్రమ్ము తిప్పెటోనికి పసుపు పడకపాయె!"

కోపంగా సైకిల్ నెట్టుకుంటూ ముత్తెన్న దగ్గరికి పోయాడు. ముత్తెన్న తుడుద్దామని గుడ్డ తీసుకుని వంగి, తుడవకుండా అట్లనే ఆగిపోయాడు.

"కిషన్, ఇటు రా. గిది సూడు."

ఎడమ పెడలు మీద పసుపు అంతటా చెరిగిపోయి ఉంది. కుడి పెడలు మీద మాత్రం ముందు అంచునే పోయింది. వెనక సగం గంగమణి పూసినట్టే ఉంది, ఆమె వేళ్ల గీతలతో సహా.

"నువ్వు సైకిల్ ఎట్ల నేర్సినవురా?"

"కైంచీ తొక్కి. నాయన సైకిల్ మీద."

అంటే సీటు అందని ఈడులో, పక్కన నిలబడి, కుడి కాలును డండా కింది సందులోంచి అవతలి పెడలుకు చాపి తొక్కడం. అట్లా చాపితే వేళ్ల కొసలే అందుతాయి.

"పెడలు తప్పు గాదు తమ్మీ. నీ కుడి కాలు ఇంక కైంచీల్నే ఉన్నది. పాత సైకిల్ మీద నడిసింది గని, గీ టైర్ల కుదుపుకు నడువది."

కిషన్ వంగి తన కుడి కాలి వేళ్లు తడుముకున్నాడు. ఇరవై నాలుగేండ్లుగా ఆ కాలు పెడలును అందుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి దుబాయి పెడళ్ల ఇరుసులుంచి, సామాన్ల రిక్షా పెడలు రేకులు వాటికి తొడిగారు. రేకులు పొడుగ్గా, చదునుగా ఉన్నాయి. కాలు కోయకుండా పట్టు దొరకాలని గుండు తల రివిట్లు కొట్టారు. అరికాలు మొత్తం ఆనింది. రెండు వారాలు కిషన్ ఎండిన పసుపు పొడి చల్లుకుని తొక్కి, దిగి, రేకులు చూసుకున్నాడు. జనవరి ఇరవై మూడున రెండు రేకుల మీదా పసుపు ఒక్క తీరుగా చెరిగింది. గుట్ట పైదాకా పోయి వచ్చాడు, కాలు మోపలేదు.

మరునాడు సైకిల్‌ను బస్సు మీదికి ఎక్కించారు. గంగమణి పసుపు గిన్నెతో వచ్చేసరికి కిషన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా తల్లీ, హ్యాండిల్‌కు రాయి!"

ఆమె నవ్వింది. హ్యాండిల్‌కు రాసి, వేలు పైట కొంగుకు తుడుచుకుంది.

"ఆడ కాలు మోపకు. మంగళారం పొద్దుగాల్ల మన గడప మీద మోపు, సాలు."

బస్సు కదిలేదాకా కిషన్ మెట్టు మీదే నిలబడ్డాడు, కూర్చోలేదు. గంగమణి ఇంటికి పోయి, తాను బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, సుద్దముక్కతో తలుపు చెక్క మీద రాసింది: వాపసు వచ్చేది, 28 జనవరి 1997.