బండి రాని పట్టాల దగ్గర

బర్మాలో, యాంగోన్ ఊరి సంచౌంగ్ బజారులో మసాలా పొడులు అమ్మే గంగాభవానిని నీ ఆస్తేమిటని అడిగితే, రెండు జెండాలని చెబుతుంది. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. ఎర్రది వెలిసి ఇటుక రంగుకు దిగింది. పచ్చది ఎప్పుడో చిరిగిపోతే తన పాత లుంగీ గుడ్డతో మళ్లీ కుట్టుకుంది. కర్రలు మాత్రం అసలువే, నాన్న చేతి చెమట తాగి నునుపెక్కినవి. ఏడాదికోసారి అమ్మవారి పండుగకు వాటిని బయటికి తీస్తుంది. మిగతా రోజుల్లో అవి మిరపకాయల బస్తాల వెనక ఉంటాయి. అందుకే పండుగనాడు ఆమె జెండా విప్పగానే ముందు వరసలో వాళ్లందరూ తుమ్ముతారు.

నాన్న లింగరాజు యాంగోన్ ఓడరేవు రైలు లైనులో జెండా మనిషి. స్ట్రాండ్ రోడ్డనే పెద్దరోడ్డు పక్కనుంచి బియ్యం బస్తాల పెట్టెలు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే, అటూ ఇటూ పోయే జనాన్ని ఆపడమే ఆయన ఉద్యోగం. ఆ బస్తాలు మోసినవాళ్లలో సగం మంది మనవాళ్లే. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని బర్మావాళ్లు అందరినీ కలిపి కోరంగీలనేవారు. శ్రీకాకుళంవాడూ కోరంగే, గంజాంవాడూ కోరంగే. పిలుపులో గౌరవం పెద్దగా లేదు గానీ, బస్తా ఎత్తాలంటే వీళ్లనే పిలవాలి.

చౌక్తడా పేటలోని చిన్న గుడి నుంచి పైడితల్లి ఘటం నదికి వెళ్లేటప్పుడు పెద్దరోడ్డు దాటాలి, రెండు పాత గోదాముల మధ్య సందులోంచి పోవాలి. ఆ సందులో అడ్డంగా ఒక జత పట్టాలుండేవి. అక్కడికి రాగానే లింగరాజు ఎర్రజెండా అడ్డం పెట్టేవాడు. డప్పులు ఆగిపోయేవి. ఘటం ఎత్తుకున్నవాళ్లు, పూజారి, షావుకార్లు, చివరికి అమ్మవారు కూడా బండి కోసం ఆగాల్సిందే. కాసేపటికి లింగరాజు పచ్చజెండా ఎత్తి "బండెల్లిపోనాది, రాయే తల్లీ" అని కేకేసేవాడు. అప్పుడు కదిలేవారు.

ఓడరేవు బళ్లు ఆగిపోయి చాలాకాలమైంది. మధ్యలో జపాను నుంచి పాత ట్రాం పెట్టెలు తెచ్చి పెద్దరోడ్డు మీద కొన్నాళ్లు నడిపి, ఎక్కేవాళ్లు లేక అదీ మానేశారు. అయినా పండుగనాడు సందులో ఆగడం మానలేదు. లింగరాజుకు కొడుకులు లేరు. ఆయన పోయాక, ఆడమనిషి జెండా పట్టడమేమిటని కొందరు గొణిగితే, "అమ్మోరు ఆడమనిసి కాదేటి" అని గంగాభవాని ఒక్క మాటతో నోళ్లు మూయించింది. ఏడాదిలో ఆ ఒక్క రోజే, ఆ ఒక్క చోటే, ఎవరో ఒకరు "ఇది లింగరాజు జెండా" అంటారు. ఆయన పేరు ఈ ఊళ్లో మరెక్కడా వినపడదు. ఆ మాట కోసమే ఆమె ఏడాదంతా మిరపకాయల ఘాటు భరిస్తుందేమోననిపిస్తుంది.

ఆ సందులో ఆమెకు ఒక్కటే గిట్టనిది. నది అవతల దలా నుంచి వచ్చే మనవాళ్లు ప్రతి ఏడూ ఆలస్యమే. పడవ రేవు ఒకచోట, ఘటం దింపే ఒడ్డు ఇంకోచోట కాబట్టి, పడవ దిగి రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి, సరిగ్గా ఆగినచోట గుంపులో దూరుతారు. "మీకు పండగంటే బక్తే లేదు" అని తాయారమ్మను ఏటా తిట్టేది. తాయారమ్మ దలాలో చేపలు ఎండబెట్టే మనిషి. తిట్టినప్పుడల్లా నవ్వి ఊరుకునేది.

ఈ ఏడాది తింజాన్ నీళ్ల పండుగ వెళ్లాక గుడి కమిటీ కూర్చుంది. ఈమధ్య పదిమంది గుమిగూడాలన్నా వార్డు ఆఫీసు కాగితం కావాలి. ఆ కాగితం కోసం చెప్పులరిగేలా తిరిగినవాడు సూర్యప్రకాష్. చౌక్తడాలో ఒక ఆఫీసు గుమస్తా, మంచివాడే. గంగాభవానిని పిన్నీ అని పిలుస్తాడు.

"పిన్నీ, పెద్దరోడ్డు దాటడానికి, నదికెల్లి రావడానికి కొంచెం టైమే ఇచ్చినారు. ఈసారి సందులో ఆగడం లేదు," అన్నాడు.

"అమ్మోరు పట్టా దాటకుండా ఎలా ఎల్తాది?"

"పట్టాలేవి పిన్నీ? పోయిన వానాకాలం సిమెంటు పోసేసినారు. కంటైనర్ లారీలు నిలబెడతన్నారు. పోలీసోడు వచ్చి ఎందుకాగినారంటే నేనేటి సెప్పాలి?"

"ఉన్నాయి. కిందున్నాయి. నేను సూపిస్తాను."

సూర్యప్రకాష్ చేతిలోని కాగితం మడిచాడు. "సరే, సూపించు. పట్టా కనపడితే ఆగడం గురించి మాట్లాడదాం."

పెద్దల్లో ఒకాయన కండువా దులుపుకుంటూ, ఎల్లిపోయిన బండికి టిక్కెట్టు కొంటావేటమ్మా అన్నాడు. గంగాభవాని ఆయన వైపు చూసిన చూపుకు ఆయన ఆ నెలంతా కారప్పొడి వేరే కొట్లో కొనుక్కున్నాడు.

ఆదివారం కూతురు బేబీని వెంటబెట్టుకుని బయలుదేరింది. బేబీ ఫోన్ల షాపులో పనిచేస్తుంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం సగం బర్మా మాటలే వస్తాయి. ఎండకు గొడుగు వేసుకుని ఇద్దరూ పాన్సొడాన్ రేవు దగ్గర మొదలుపెట్టి పెద్దరోడ్డు పక్కన ఉన్న పట్టాల వెంట నడిచారు. ట్రాం కోసం కట్టిన అరుగు మీద ఇప్పుడు ఒక కిళ్లీ అమ్మే ఆవిడ కూర్చుని ఉంది. పట్టాల మధ్య గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. ఒకచోట ఎవరో పట్టా మీదే బట్టలు ఆరేశారు. గంగాభవాని ఆగి ఆగి చెబుతూనే ఉంది: ఇక్కడ మీ తాత నిలబడేవాడు, ఇక్కడ బస్తాలు దించేవారు, అదిగో అక్కడ యుద్ధంలో జపాను బాంబులు పడితే మనవాళ్లు కొందరు చచ్చిపోయారు, మిగిలినవాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని అడవుల్లోంచి ఇండియా దారి పట్టారు, మీ ముత్తాత కాలు విరిగి వెళ్లలేకపోయాడు కాబట్టి మనం ఇక్కడున్నాం.

"మరి సందులోకి లైను ఎక్కడ తిరుగుతాది, అమ్మా?" అంది బేబీ.

అదే దొరకలేదు. పెద్దలైను నుంచి విడిపోయే చోటు ఎక్కడా లేదు. ఇక సందులోకే వెళ్లి వెతికారు. సిమెంటు అంచున, లారీ చక్రం కింద పెళ్ల ఊడినచోట, తుప్పుపట్టిన పట్టా జానెడు కనిపించింది. గంగాభవాని వంగి దాన్ని చేత్తో తడిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బేబీ ఫోటో తీసింది.

అక్కడితో ఊరుకుంటే కథే లేదు. కానీ బేబీ ఊరుకునే రకం కాదు. ఇది ఎక్కడినుంచి వస్తాదో సూద్దామని సిమెంటు కింద పట్టా ఆనవాలు వెంట ఒకవైపు పోయింది. పట్టా నేరుగా గోదాము గోడలోకి దూరింది. తలుపూ లేదు, దారీ లేదు, నిండు ఇటుక గోడ. బాంబు పడి లైను తెగిపోతే గుంత పూడ్చి ఈ గోడ కట్టారట, తన తండ్రి చెప్పేవాడని అక్కడి ముసలి కాపలాదారు అన్నాడు. గోడ నెత్తిన సిమెంటులో అచ్చువేసిన సంవత్సరం ఉంది. లింగరాజు ఉద్యోగంలో చేరింది ఆ తరవాత చాలా ఏళ్లకు. ఇంకోవైపు, అవతలి గోదాము పక్క తుప్పల్లో పట్టాలకు అడ్డంగా పాత దుంగ ఒకటి బిగించి ఉంది. బండి అంతకుమించి పోకుండా పెట్టే అడ్డు అది. అటు గోడ, ఇటు దుంగ, మధ్యలో తెగిన ముక్క.

"అమ్మా, తాత కాలంలో ఇక్కడికి బండి రాలేదు. రాలేదు కాదు, రావడానికి లేదు," అంది బేబీ.

"నోర్ముయ్. నేను సిన్నప్పుడు సూసినాను."

"బండిని సూసినావా?"

గంగాభవాని గుర్తు చేసుకోబోయింది. కూత విన్న మాట నిజం. అది పెద్దలైను మీదిది. నాన్న ఎర్రజెండా చూసిన మాట నిజం. బండిని చూసిందా? తలచుకుంటే నాన్న వీపు తప్ప ఏమీ గుర్తురాలేదు. ఇన్నేళ్లూ ఊరందరి ముందూ నిలబడి, రాని బండి వెళ్లిపోయిందని అమ్మవారికి చెబుతూ వచ్చింది. నాన్న మీద ఒళ్లు మండింది. ఆ మంట కింద భయం కూడా ఉంది. ఇది కమిటీకి తెలిస్తే లింగరాజు పేరు అబద్ధాలకోరు పేరుగా మిగులుతుంది. ఫోటో చూపించి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

మర్నాడు కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి అప్పలమ్మ ఇంటికి వెళ్లింది. అప్పలమ్మ వాళ్ల వీధి చివరే కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె భర్త ఒకప్పుడు రేవులో మూటకూలీ. అప్పలమ్మకు పళ్లు లేవు, చెవులు మాత్రం పిల్లి చెవులు.

"పెద్దమ్మా, సందులోకి బండి వొచ్చేదేటి?"

అప్పలమ్మ బోసినోటితో నవ్వింది. "ఓలమ్మా, ఇప్పుడు తెలిసినాదేటే నీకు?"

"నాన్న అబద్దం ఆడేడు."

"కూకో. ఇను. నదికాడ దీపం ఏళకి పడాలని సావుకార్లు పరుగులెత్తేవోరు. మా మొగోళ్లు బస్తా దింపాలి, మేస్త్రీ వొదలాలి. ఆళ్లొచ్చేసరికి అమ్మోరు ఎల్లిపోయేది. ఒక ఏడు మా ఇంటాయన ఏడిసేడు. అంత బరువు మోసినోడు ఏడవడం నేనెప్పుడూ సూడలేదు. ఎల్లి మీ నాయన్ని అడిగినాడు, సిటికెడు సేపు ఆపగలవేటి అని."

"ఆగమని సెప్తే సావుకార్లు ఆగరా?"

"కూలోడి కోసం ఎవడాగుతాడే? బండొస్తందంటే మాత్రం రాజయినా ఆగుతాడు. సర్కారు జెండా కదా. బస్తాలు పేర్చిన సందు, సీకటి పడే ఏళ, ఎవడు సూడొచ్చేడు పట్టా ఎక్కడికెల్తందో."

"మరి అమ్మోరికి అబద్దం సెప్పడం తప్పు కాదా, పెద్దమ్మా?"

"ఆవిడికి తెలీదేటి? పరిగెత్తుకొచ్చినోడి మొకం సూడకుండా ఎల్లిపోవడం ఆవిడికీ ఇష్టం లేదు."

"నాకు మాత్రం ఒక్కరూ సెప్పలేదు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే. సెప్తే ఆ రోజే బజారంతా తెలిసిపోయేది."

ఆ మాట నిజమే. గంగాభవాని ఇంటికి నడుస్తూ దారిలో ఆగిపోయింది. మూటకూలీలు ఇప్పుడు లేరు. కానీ పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు. పొద్దున్నంతా పనిచేసుకుని, పడవ ఎప్పుడు వదిలితే అప్పుడు దాటి వచ్చే దలావాళ్లు. ప్రతి ఏడూ ఆమె ఎర్రజెండా దగ్గరే వాళ్లకు అమ్మవారు దొరుకుతోంది. ఆమె మాత్రం వాళ్లనే తిడుతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సూర్యప్రకాష్‌కు ఫోటో చూపించింది. అతను సంతోషపడి, పట్టా దొరికిందన్నమాట అన్నాడు. ఆమె ఆపుకోలేకపోయింది. గోడ సంగతీ చెప్పింది, దుంగ సంగతీ చెప్పింది, నాన్నా అప్పలమ్మ మొగుడూ కలిసి చేసిన పనీ చెప్పింది. నువ్వుగింజ ఈసారీ నానలేదు.

"అంటే ఇన్నేళ్లూ లేని బండికి ఆగినాం," అన్నాడు సూర్యప్రకాష్ మెల్లగా.

"దలా పడవ ఉంది కదా నాయనా. మనోళ్లు అందులోనే వస్తారు. ఆళ్ల కోసం ఆగుదాం."

"బండి లేదని తెలిసినాక పెద్దలు ఊరుకోరు పిన్నీ. కాగితంలో ఆగడమన్న మాటే లేదు. నేను మాట ఇవ్వలేను."

నిజం చెప్పి చెడగొట్టుకున్నానా అని ఆమె పండుగదాకా సరిగా నిద్రపోలేదు.

పండుగనాడు సాయంత్రం గంగాభవాని అందరికంటే ముందే సందులోకి వెళ్లి, పెళ్ల ఊడిన చోట పట్టా మీద కాళ్లు పెట్టి నిలబడింది. మబ్బు పట్టి గాలి ఆడటం లేదు. పెద్దరోడ్డు మీద డప్పులు వినిపించాయి. ఘటం ముందు సూర్యప్రకాష్, పక్కన ఒక పోలీసు. ఆమె ఎర్రజెండా విప్పింది. కారం ఘాటు లేచింది. అటు నది మీద దలా పడవ ఇంకా ఒడ్డు చేరలేదు.

సూర్యప్రకాష్ ఆమె దాకా వచ్చాడు. తలుచుకుంటే ఆమెను పక్కకు జరిపి పోవచ్చు. ఒక పెద్దాయన వెనకనుంచి నడవండి నడవండి అంటున్నాడు. సూర్యప్రకాష్ గట్టిగా తుమ్మాడు. తరవాత చెయ్యెత్తి డప్పులు ఆపాడు.

"బండొస్తందేటి, పిన్నీ?"

"వస్తంది. ఉండు," అంది గంగాభవాని. జెండా ఇంకాస్త పైకెత్తింది.

ఎందుకాగారని పోలీసు బర్మా భాషలో అడిగాడు. రైలు కోసమని సూర్యప్రకాష్ ఆ భాషలోనే, మొహంలో నవ్వు రాకుండా చెప్పాడు. పోలీసు సిమెంటు నేలను చూశాడు, గోడను చూశాడు. జనమంతా భక్తిగా ఒకేవైపు చూస్తుంటే తనూ అటే తిరిగి చూస్తూ నిలబడ్డాడు.

పడవ రేవుకు తగిలింది. చెప్పులు చేత్తో పట్టుకుని దలావాళ్లు పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు తాయారమ్మ, నెత్తిన తన ఇంటి చిన్న ఘటం, మొహమంతా చెమట. ఏటా పడే తిట్ల కోసం ఆగి చూసింది. గంగాభవాని తిట్టలేదు.

"అందరూ వచ్చినారేటి?" అని అడిగింది.

"కనకరత్నం ఎనకాల ఉన్నాది. కాలు నొప్పి, నెమ్మదిగా వస్తంది. నువ్వు పచ్చజెండా ఎత్తెయ్, పర్లేదు."

పోలీసు గడియారం చూసుకున్నాడు. సూర్యప్రకాష్ గంగాభవాని వైపు చూశాడు. ఆమె ఎర్రజెండా దించలేదు. కనకరత్నం ఒక చేత్తో మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో కుంటుకుంటూ సందులోకి వచ్చింది. అమ్మవారి ఘటాన్ని చూసి రెండు చేతులూ జోడించింది. ఏడుస్తోంది.

నాన్న ఏటా చూసింది ఈ మొహాలనే. గంగాభవాని పచ్చజెండా ఎత్తి, ఊపిరంతా కూడదీసుకుని, "బండెల్లిపోనాది, రాయే తల్లీ" అని కేకేసింది. దలావాళ్లందరూ ఆమెతో పాటే ఆ మాట అన్నారు. బండి లేదనీ, ఆగేది తమ కోసమేననీ వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.