ఒకే బల్ల మీద పెట్టని రెండు పెట్టెలు

ఆవిడ మా ల్యాబుకి వచ్చేసరికి నేను భోజనం డబ్బా మూత తీస్తున్నాను. రాజమండ్రిలో ఒక పరీక్షా కేంద్రంలో నా ఉద్యోగం. కరెంటు మీటర్లు, సోలార్ ఇన్వర్టర్లు, మోటార్లను నడిపే కంట్రోలర్లు మా దగ్గరికి వస్తాయి. ఒక కంపెనీ పెట్టె పంపిన సమాచారం ఇంకో కంపెనీ పెట్టెకు అర్థం కావాలి. అందుకోసం అందరికీ కలిపి ఒక ప్రమాణం రాసి పెట్టారు. దాన్ని పాటించారో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాం.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. సఖినేటిపల్లి అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ప్లాస్టిక్ కవరులోంచి మా సర్టిఫికెట్ జిరాక్సు తీసి, కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టారు.

"ఇది ఎవరిదండి?"

"నాదేనండి."

"అయితే మీతోనే మాట్లాడాలి," అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

వాళ్ళకు రెండు రొయ్యల చెరువులు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. అందుకని గట్టు మీద సోలార్ పలకలు, బ్యాటరీ, ఒక కంపెనీ ఇన్వర్టరు పెట్టించారు. ఏరేటర్లను నడిపే కంట్రోలరు మాత్రం వేరే కంపెనీది. లైను కరెంటు పోతే, బ్యాటరీలో ఎంత శక్తి ఉందో కంట్రోలరు ఇన్వర్టరును అడిగి, దానికి తగినన్ని ఏరేటర్లు తిప్పాలి. బిగించిన మనిషి, ఏరేటర్లను చేత్తో వేసుకునే పాత స్విచ్చిని కూడా కంట్రోలరు పెట్టెలోనే పెట్టేసి, తాళం వేసి, తాళంచెవి తనతో పట్టుకుపోయాడు. రైతులు కెలికితే వారంటీ పోతుందట.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం లైను మరమ్మతు కోసం కరెంటు తీశారు. ఏరేటర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"బ్యాటరీ నిండా ఉందండి. ఇన్వర్టరు మీద పచ్చ లైటు వెలుగుతానే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే అదే సర్దుకుంటాదండి, ఆగండి అన్నారు. ఎంతసేపు ఆగుతామండి? ఈలోగా రొయ్యలు పైకి తేలిపోతున్నాయి. మా ఆయన పక్కూరు మేత కోసం వెళ్ళారు. గునపం తెచ్చి తాళం పగలగొట్టానండి. స్విచ్చి తిప్పితే మూడు ఏరేటర్లు తిరిగాయి. ఒక చెరువు నిలబడింది. రెండోది పోయింది."

ఆవిడ గొంతు పెంచలేదు. కవరులోంచి ఇంకో కాగితం తీశారు. అది కంట్రోలరు కంపెనీ ఇచ్చిన జవాబు. తాళం పగలగొట్టారు కాబట్టి వారంటీ చెల్లదని, తమ పెట్టెకు సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఇన్వర్టరు వాళ్ళను అడగమని రాశారు. ఇన్వర్టరు వాళ్ళూ అదే మాట తిప్పి చెప్పారట. వాళ్ళ సర్టిఫికెట్ మీదా మా ముద్రే ఉంది.

"రెండూ మంచివేనని మీరే రాశారు. మరి నా చెరువెందుకు పోయిందండి?"

జవాబులో సగం నాకు అప్పుడే తెలుసు. ఆ కంట్రోలరును నేను పరీక్షించినప్పుడు దానికి ఎదురుగా పెట్టింది నిజమైన ఇన్వర్టరును కాదు, ఇన్వర్టరులా జవాబులు చెప్పే మా కంప్యూటరును. వేరే కంపెనీ ఇన్వర్టరుతో కలిపి కూడా చూడాలని రిపోర్టులో ఒక వాక్యం రాశాను. మా పై అధికారి దాన్ని కొట్టేశారు. "పరీక్షల జాబితాలో లేనిది మనం ఎందుకు రాయాలమ్మా? అడిగిందే చెప్పాలి," అన్నారు. వాదించాను. ఆ తర్వాత సంతకం పెట్టాను. ఈ రెండో పని చేసినందుకు నా మీద నాకు వచ్చిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

ఆ వారమే వాళ్ళ చెరువు దగ్గరికి వెళ్ళాను. రెండో చెరువు ఎండగట్టి ఉంది. గట్టు పొడుగునా సున్నం చల్లారు. ఆవిడ భర్త నా వైపు చూడకుండానే ఇన్వర్టరూ కంట్రోలరూ రెండూ విప్పి, గోనెపట్టాలో చుట్టి కారులో పెట్టారు.

ల్యాబులో రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి తీగ కలిపాను. కారణం దొరకడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇన్వర్టరు రెండు అంకెలు పంపుతోంది. మొదటిది యాభై రెండు. రెండోది, దాన్ని వందతో హెచ్చించుకోమని చెప్పే గుర్తు. అంటే ఐదువేల రెండు వందల వాట్లు, మూడు ఏరేటర్లు తిరిగేంత శక్తి. కంట్రోలరు ఆ రెండో అంకెను చదవడమే లేదు. యాభై రెండు వాట్లే ఉన్నాయనుకుని అన్నీ ఆపేస్తోంది. మా కంప్యూటరు ఎప్పుడూ హెచ్చించనక్కర్లేని అంకెలే పంపేది. అందుకే మా దగ్గర పాసైంది.

రెండు కంపెనీల వాళ్ళనూ పిలిపించాను. ఆవిడనూ రమ్మన్నాను, మా పై అధికారీ వచ్చి కూర్చున్నారు. కంట్రోలరు కంపెనీ ఆయన దారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాటిని తీసి కిటికీలో పెట్టి, లైను కరెంటు ఆపి చూపించాను. తెర మీద యాభై రెండు కనిపించింది, మోటారు ఆగింది. మళ్ళీ చేసి చూపించాను.

"ఆ రెండో అంకె చదవడం ప్రమాణంలో ఆప్షనల్ అండి. మా తప్పేం లేదు," అన్నారాయన.

"పంపడం మాకు ఆప్షనల్ అండి," అన్నారు ఇన్వర్టరు ఆయన.

ఆవిడ ఇద్దర్నీ చూసి, "ఆప్షనల్ అంటే ఏంటండి?" అని నన్ను అడిగారు.

"ఇష్టమైతే చేయొచ్చు, లేకపోతే మానొచ్చు అని అర్థమండి."

"రొయ్యకి ఊపిరి కూడా అంతేనాండి?"

మా పై అధికారి గడియారం చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏసీ గదిలో కూర్చుని ఒక మాటను రాసినవాళ్ళు, ఆ మాట చాటున దాక్కున్నవాళ్ళు, దాని కింద సంతకం పెట్టిన నేను, అందరం చదువుకున్నవాళ్ళమే. ఆ రోజు సరైన పని చేసింది గునపం పట్టుకున్న ఆవిడ ఒక్కరే. ఆవిడకే వారంటీ లేదన్నాం.

ఆ సాయంత్రమే రెండో రిపోర్టు రాశాను. కొట్టేసిన నా పాత వాక్యాన్ని, దాన్ని కొట్టేసిన కాగితంతో సహా జతచేసి, ప్రమాణాన్ని సవరించే సంఘానికి పంపాను. పై అధికారి సంతకం కోసం ఆగలేదు.

నెల తిరక్కుండా కంట్రోలరు కంపెనీ సాఫ్ట్‌వేరు మార్చింది. తప్పు ఒప్పుకోలేదు, "మెరుగుపరిచాం" అని రాసింది. వారంటీ మాత్రం తిరిగి ఇచ్చింది. సంఘం నుంచి జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. రెండు కంపెనీల పరికరాలను కలిపి చేసే పరీక్షను జాబితాలో చేర్చారు. పక్కన, "దరఖాస్తుదారు కోరితే" అని రాశారు. కోరినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరే, అదీ చిన్న కంపెనీ. నన్ను కేబుళ్ళ విభాగానికి మార్చారు.

ఆవిడ అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. కిందటి వారం చేసినప్పుడు, పక్క గట్టు వాళ్ళు కొత్త కంట్రోలరు తెచ్చుకున్నారని చెప్పారు.

"సర్టిఫికెట్ ఉందా అని అడిగానమ్మా. ఉందన్నారు. ఏ ఇన్వర్టరుతో కలిపి చూశారో రాయించుకురండి, లేకపోతే బిగించుకోకండి అన్నాను."

వాళ్ళు రాయించుకొచ్చారా అని అడిగాను. కంపెనీ వాళ్ళు ఇంకా రాసివ్వలేదట. పెట్టె షెడ్డులోనే ఉందట.