కడిగిన గేర్‌బాక్స్

సబ్బు మేస్త్రి చేతులు మోచేతుల దాకా నల్లటి నురగలో ఉన్నాయి. లిఫ్టు మీద తలకి పైన నిలబెట్టిన కారు పొట్టని ఆయన పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో తోముతున్నాడు. పెద్ద బ్రష్షు దూరని సందుల్లోకి ఇది దూరుతుంది. గేర్‌బాక్స్ కింద ఉండే ఆయిల్ పళ్ళెం అంచు వెంబడి, బోల్టు తలల చుట్టూ, వైర్లు లోపలికి వెళ్ళే మూత దగ్గర జిడ్డు అట్టలు కట్టింది. దాన్ని కిరోసిన్‌తో నానబెట్టి, సబ్బు నీళ్ళతో తోమి, పైపుతో కడిగి, చిరిగిన బనియను గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, నీళ్ళు పోయడం అయ్యాక పౌడరు కూడా రాస్తావా దానికి?" అన్నాడు బావ, స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ.

"మా అక్క బండి కదా బావా. చూసేవాడికి అసహ్యం వెయ్యకూడదు."

"మీ అక్కదెప్పుడైందిరా? తోలేది నేను, కిస్తీలు కట్టేది నేను."

"వెనక సీట్లో కూర్చునేది ఎవరు మరి?"

బావ నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వి మళ్ళీ తోముడులో పడ్డాడు. వారంటీ కంపెనీ ఇన్‌స్పెక్టరు మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దినట్టు, మేస్త్రి ఆ మనిషి కోసం గేర్‌బాక్స్‌ని సర్దుతున్నాడు.

బావ సగం జీవితం పరాయి కార్లు తోలాడు. వెనక ఎవరో ఒక పెద్దమనిషి, ముందు తను. ఆ పెద్దమనుషులు తిరిగే రకం కారునే చివరికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాచుకున్నదంతా దానిలోనే పోశాడు. హోటలుకి వచ్చే అతిథుల్ని తిప్పే పని దొరికింది. "ఇప్పుడు కూడా ముందు సీట్లోనే కూర్చుంటున్నాను, కానీ బండి నాది" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ ముచ్చట తీరకుండానే గేర్‌బాక్స్ పేచీ మొదలైంది. బండి బాగా వేడెక్కాక దానంతట అది రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు అదురుతుంది. మీటర్ల దగ్గర పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. కింద వైర్ల మూత దగ్గర ఆయిల్ కారుతుంది. హోటలు వాళ్ళు మర్యాదగానే చెప్పారు: ఆ దీపం ఆరితేనే బండి తెండి, లేకపోతే వేరే బండి చూసుకుంటాం.

కారు అమ్మిన వ్యాపారి ఒక వారంటీ కంపెనీ చేత ఏడాది వారంటీ ఇప్పించాడు. అది ఆదివారంతో అయిపోతుంది. కంపెనీ ఒప్పుకుంటే గేర్లు మార్చే భాగం మొత్తం కొత్తది వేస్తారు. ఒప్పుకోకపోతే ఆ ఒక్క ముక్కకి అయ్యే ఖర్చుతో మామూలు మనిషి చిన్న కారు కొనుక్కోవచ్చు. బావ దగ్గర సైకిలు కొనేంత కూడా మిగల్లేదు.

మేస్త్రిని ఎవరూ కూర్చోబెట్టి పని నేర్పలేదు. పాత ఇనుము కొట్లో చచ్చిన గేర్‌బాక్సులు తెచ్చుకుని, పాత పేపర్లు పరిచి విప్పేవాడు, మళ్ళీ బిగించేవాడు. మొదట్లో మూత వేసేసరికి ఒకటో రెండో ముక్కలు మిగిలిపోయేవి. మురికిలో విప్పితే ఏ ముక్క ఎక్కడిదో గుర్తుండదని అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా ముందు కడుగుడు, ఆ తర్వాతే స్పానరు. అలా సబ్బు మేస్త్రి అయ్యాడు. "ఇంట్లో గిన్నెలు తోమమంటే మాత్రం ఈయనకి చేతులు పడిపోతాయి" అని భార్య దెప్పుతుంది.

పెద్ద కార్లకి ఆయన పెట్టుకున్న పేరు 'గడువు తీరిన దొరలు'. వారంటీ ఉన్నన్నాళ్ళూ అవి కంపెనీ వాళ్ళ చల్లటి గదుల్లో వైద్యం చేయించుకుంటాయి. గడువు తీరి, యజమాని చేతులెత్తేశాకే ఈ రేకుల షెడ్డుకి వస్తాయి. వారంటీ ఇంకా బతికున్న బండి ఆయన చేతికి రావడం ఇదే మొదలు.

కడగడం అయ్యాక స్కానరు తగిలించాడు. బండి కంప్యూటరులో పోగుపడిన తప్పులన్నీ చదువుకున్నాడు. చదివి, ఎప్పటిలాగే అన్నిటినీ తుడిచేశాడు. తుడిచి నడిపితే తిరిగి వచ్చేదే అసలు రోగం, రానిది పాత కథ. ఆయన పని పద్ధతి అది. పసుపుపచ్చ దీపం ఆరిపోయింది. బావ అది చూసి ఈల వేశాడు.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. చొక్కా చేతులు మడుచుకుని, ఎవర్నీ టార్చి పట్టుకోమనకుండా తనే బండి కింద నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"దీన్ని కడిగింది ఎవరండీ?"

"నేనేనండి" అన్నాడు మేస్త్రి. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"చాలా బాగా కడిగారు. ఇంత శుభ్రంగా ఉన్న గేర్‌బాక్స్ నేనింతవరకూ చూడలేదు." టార్చి అటూ ఇటూ తిప్పాడు. "ఆయిల్ ఎక్కడ కారుతోందో చూపించండి."

"ఇదిగోండి, ఇక్కడే, ఈ మూత దగ్గర్నుంచి..." అని మేస్త్రి వేలు పెట్టాడు. వేలి కింద లోహం తళతళలాడుతోంది. చుక్క లేదు, చెమ్మ లేదు. వేలు అక్కడే ఉండిపోయింది. 

ఇన్‌స్పెక్టరు తన లాప్‌టాప్ తగిలించాడు. "మెమరీ కూడా నిన్ననే తుడిచేశారు."

"తుడిస్తేనే కదండీ, మళ్ళీ ఏది వస్తుందో తెలిసేది."

"తెలుసండి. నేనూ షెడ్డులో చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణే. నా బండైతే నేనూ అలాగే చేద్దును." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పదండి, ఓసారి తిప్పి చూద్దాం."

ఎంత తిప్పినా గేర్‌బాక్స్ పెద్దమనిషిలా నడుచుకుంది. మెమరీ తుడిస్తే అది కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటుందని మేస్త్రికి తెలుసు. ఆ సంగతి ఇప్పుడు చెప్తే సాకులా వినిపిస్తుందని కూడా తెలుసు. అయినా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తలూపి విన్నాడు.

"కారినట్టు గుర్తు లేదు. మెమరీలో తప్పు లేదు. పైగా ఎవరో విప్పి, కడిగి, మూసినట్టుంది. బయట విప్పిన గేర్‌బాక్స్‌కి మా వాళ్ళు పైసా ఇవ్వరు."

"విప్పలేదండి. కడిగానంతే."

"నేను నమ్ముతున్నానండి. కానీ నేను నమ్మితే పని జరగదు. చూసిందే రాయాలి."

ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. తిట్లు పడతాయని మేస్త్రి కాచుకుని నిలబడ్డాడు. బావ నోట మంచి తిట్లున్నాయి. మేస్త్రి చిన్నప్పట్నుంచీ అవి తిని పెరిగినవాడే.

"మేస్త్రిగారూ, బండి కిందికి దించండి" అన్నాడు బావ.

మేస్త్రి చెయ్యి లిఫ్టు మీట మీద ఆగిపోయింది. "తిట్టు బావా."

"మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్నండి."

వారంటీ తీరాక వచ్చిన మంగళవారం నాడు గేర్‌బాక్స్ మళ్ళీ తన్నింది. దీపం వెలిగింది. అదే మూత దగ్గర అదే జిడ్డు చుక్క కట్టింది. బావ కంపెనీకి ఫోను చేస్తే చాలాసేపు సంగీతం వినిపించి, ఎవరో అమ్మాయి తియ్యటి గొంతుతో, గడువు అయిపోయిందండీ, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. హోటలు వాళ్ళు ఆ వారమే వేరే బండి పెట్టుకున్నారు.

అక్క ఫోను చేసింది.

"మీ బావ ఇంట్లో నోరు విప్పట్లేదురా. నాలుగు కేకలెయ్యి, తగ్గుతుంది అన్నాను. వెయ్యట్లేదు."

"నా గురించి ఏమన్నా అన్నాడా?"

"అంటే బావుండు." మళ్ళీ తనే అడిగింది. "కావాలని చేశావని ఎవరూ అనుకోవడం లేదురా తమ్ముడూ. కానీ ఎందుకు కడిగావు?"

"ఎప్పుడూ కడుగుతాను కదక్కా."

అక్క ఫోను పెట్టేసింది. 

మేస్త్రి పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. గుద్దుకుని నుజ్జయిన అదే రకం కారు ఒకటి దొరికితే, దాని చితికిన గేర్‌బాక్స్‌లోంచి గేర్లు మార్చే భాగం ఒక్కటే ఊడదీసి తెచ్చాడు. బావ బండి గేర్‌బాక్స్ విప్పి ఆయిల్ దించాడు. పళ్ళెంలోకి దిగిన ఆయిల్‌లో మాడు వాసన. వేళ్ళ మధ్య రుద్దితే నల్లటి పొడి. లోపలి క్లచ్ పలకలు అరిగి మసైపోయాయి. తెచ్చిన ముక్క వేసినా ఉపయోగం లేదు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి. ఇన్నాళ్ళూ పైకి కనిపించిన జిడ్డు చుక్క లోపలి రోగానికి చివరి గుర్తు మాత్రమే.

ఆ మాట ఆయనే బావ ఇంటికి వెళ్ళి చెప్పాడు. బావ గడప దగ్గర నిలబడి విన్నాడు.

"అంటే కంపెనీ వాళ్ళు ఒప్పుకునుంటే మొత్తం కొత్తది వేసేవాళ్ళన్నమాట."

"వేసేవాళ్ళు."

"సరేనండి" అన్నాడు బావ.

విడిభాగాల వ్యాపారి కారుని కొంటానన్నాడు. తలుపులు, సీట్లు, దీపాలు విడివిడిగా అమ్ముకుంటాడు. ఒకటే షరతు: బండి తనంతట తాను లారీ ఎక్కాలి, తోయించుకోకూడదు. బావ ఒప్పుకున్నాడు. పాత యజమాని దగ్గర డ్రైవరు పనికి తిరిగి ఒప్పుకున్నట్టే, దీనికీ ఒప్పుకున్నాడు.

లారీ వచ్చేసరికి మేస్త్రి ఇంకా బండి కిందే ఉన్నాడు.

"ఏంటి మేస్త్రీ, ఇంకా బిగిస్తున్నావా?" అన్నాడు వ్యాపారి. "నాలుగు మూలలా నాలుగు బోల్టులు పెట్టు చాలు. రేపు మావాళ్ళు విప్పేదే కదా."

మేస్త్రి ఇంకో గుడ్డ తీసుకుని పళ్ళెం అంచు తుడిచాడు. దానికి ఆయిల్ కారకుండా కొత్త గ్యాస్కెట్ వేశాడు. బోల్టుల్ని వరసగా కాకుండా ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. ప్రతి బోల్టుకీ స్పానరు టిక్కుమనేదాకా ఆగాడు. ఆయిల్ పోసి, ఇంజను ఆడించి, మట్టం చూసి, తక్కువైతే ఇంకాస్త పోశాడు. వ్యాపారి రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

బావ తన యజమాని కారు తోలుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం భోజనం వేళ అనుమతి అడిగి వచ్చాడు కాబోలు, ఒంటి మీద తెల్ల చొక్కా, జేబు మీద యజమాని కంపెనీ గుర్తు. సంతకం పెట్టాల్సిన చోట పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

మేస్త్రి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొదటి గేరులోనే, యాక్సిలరేటరు మీద కాలు అదిమీ అదమనట్టు ఉంచి, లారీ వెనక వాల్చిన చెక్క పలకల మీదుగా బండిని పైకి ఎక్కించాడు. అది చిన్న అదురు కూడా లేకుండా ఎక్కింది. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి చెక్కలు ఆనించి, తాళ్ళు బిగిశాయో లేదో చేత్తో లాగి చూసి దిగాడు.

"రివర్సు కొంచెం ఆలస్యంగా పట్టుకుంటుంది. దించేటప్పుడు తొందరపడకండి" అని వ్యాపారి చేతిలో తాళాలు పెట్టాడు.

వ్యాపారి ఫోనులో మాట్లాడుతూనే వాటిని జేబులో వేసుకున్నాడు.