మడిచి కత్తిరించిన ముఖం

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఫొటోలు తీయడం, కంప్యూటర్‌లో బొమ్మలు వేయడం నేర్పుతాను. నేర్పడం ఏముంది లెండి, కెమెరాలు కింద పడకుండా కాపలా కాయడమే! నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్లు చాటుగా చెప్పుకుంటారు. నిజమే.

ఒక ఏడాది క్లాసుల మొదటిరోజు, పన్నెండేళ్ల పిల్లల మధ్య ఒకావిడ ఒదిగి కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు. మా వీధి చివర బట్టలు కుట్టే టైలరక్క. భర్త పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు.

"అక్కా, ఇది పిల్లల క్లాసు."

"పేరు రాయించుకున్నాగా తమ్ముడూ, కూర్చోనీ."

సంచిలోంచి భర్త ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు తీసింది. పెళ్లి ఫొటోలు ఇల్లు మారేటప్పుడు వానకు తడిసి ముద్దయ్యాయట. ఆయనేమో కెమెరా చూస్తే పారిపోయే రకం. మిగిలింది ఇదొక్కటే. ఇందులోనూ ముఖంలో సగాన్ని ఆఫీసు ముద్ర కప్పేసింది.

"ఈ ముద్ర తీసేసి ఆయన మొహం నిండుగా చూడాలి. అంతే."

బట్టను సూది కిందికి తోసినట్టే మౌస్‌ను తోసేది. "అక్కా, దారం ఎక్కించావా?" అని పిల్లలు ఏడిపిస్తే తానూ నవ్వేది. వీధిలో మనుషుల ఫొటోలు తీసుకురమ్మంటే అన్నీ వీపులే తెచ్చింది. కాలర్లు, భుజాల కుట్లు.

"మొహాలేవక్కా?" అని కసిరాను.

"మొహాలు చూసి ఎవరు కుడతారు?"

క్లాసయ్యాక పిల్లలందరూ వెళ్లిపోయినా ఆవిడ కదిలేది కాదు, కీబోర్డులు తుడుస్తూ ఉండేది. ఇంటికెళ్లమంటే, "వెళ్లి ఎవరితో మాట్లాడాలి, మిషన్‌తోనా?" అనేది.

మూడో వారంలో తనంతట తానే పని పూర్తిచేసింది. బట్ట మడిచి కత్తిరిస్తే రెండు వైపులా ఒకేలా వస్తుంది కదా! బాగున్న సగాన్ని తిప్పి ముద్ర మీద అతికించింది. అతుకు ఎక్కడా కనబడలేదు. ఎవర్నీ మెచ్చుకోని నేను కూడా "శభాష్ అక్కా!" అన్నాను. పెద్దగా ప్రింటు తీసి, చివరిరోజు ప్రదర్శనలో గోడ మధ్యన పెట్టాను. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులంతా "ఎంత అందగాడండీ" అన్నారు.

ఆవిడ చాలాసేపు దాని ముందే నిలబడింది.

"తమ్ముడూ, ఈయనెవరు?"

"అదేంటక్కా, మీ ఆయనే కదా!"

"కాదు. ఆయనకు ఎడమ భుజం అరంగుళం దిగువ. ప్రతి చొక్కా అలాగే కుట్టాను. ఏ మనిషికీ రెండు వైపులూ ఒకేలా ఉండవని నాకు తెలీదా? తెలిసి తెలిసి మొహాన్ని మడిచేశాను, నా బుద్ధి కాల!"

"దానికేం, సరిచేద్దాం. ఆ సగం ఎలా ఉండేదో చెప్పు, గీస్తాను."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది.

"నవ్వితే మూతి ఒక పక్కకు వెళ్లేది."

"ఏ పక్కకు?"

చెయ్యి తన చెంప మీదికి వెళ్లింది. ఒక చెంప, తర్వాత రెండోది. ఎక్కడా ఆగలేదు.

"భుజం కొలత గుర్తుంది తమ్ముడూ. మెడ, ఛాతీ, చేతులు అన్నీ గుర్తున్నాయి. మొహం గుర్తులేదు."

అంతమంది తల్లిదండ్రుల మధ్య ఒక్కతే నిలబడి ఏడ్చింది. నోరు తెరిస్తే తిట్టే నేను లేచి నా కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

"ఆ ముద్ర మళ్లీ పెట్టెయ్. దాని కిందైనా ఆయన ఉన్నారనుకుంటాను."

గోడ మీది ఫొటో దింపేసి, ముద్రతోనే ఇంకొకటి ప్రింటు తీసి ఇచ్చాను.