ఫరంపేట నుంచి ఆవిడ నడిపిన కంప్యూటర్

మా ప్రెస్సులో పాతికేళ్లు డీటీపీ చేసిన మేడం మొన్న మంగళవారం పోయారు. ఓనరు ఫోన్ చేసి చెబితే నాకు ఏడుపు రాలేదు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఆవిడంటే నాకు పడేది కాదు. నేనన్నా ఆవిడకు అంతే. అది దాచి రాస్తే ముందు ఆవిడే ఒప్పుకోరు.

కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు కాకినాడ వెళ్లేవారు. మిగిలిన రోజుల్లో ఫరంపేటలో ఇంట్లోనే కూర్చుని, లాప్‌టాప్‌లోంచి నెట్ మీద ప్రెస్సులోని కంప్యూటర్‌ని నడిపేవారు. పాత తెలుగు ఫాంట్లన్నీ అందులోనే ఉన్నాయి. దాని ముందు కూర్చునేది నేను. మౌస్ మీద నా చెయ్యి లేకపోయినా తెర మీద బాణం కదిలేది. పెళ్లి కార్డుకని నేను కొట్టిన వాక్యం నా కళ్లెదుటే చెరిగిపోయేది. వెంటనే ఫోను. "ఒత్తు ఏదే? కార్డు రేపు చింపేస్తారు. తప్పు మాత్రం గుర్తెట్టుకుంటారు."

ఈరోజు నా చేతిలో తప్పు పోదంటే అది ఆవిడ చలవే. కాదనను. కానీ ఆ చదువు చెప్పిన తీరు నేనింకా మరిచిపోలేదు.

ఒకరోజు అగ్రహారం నుంచి ఒకాయన గృహప్రవేశం కార్డు చూసుకోవడానికి వచ్చారు. ఆయన చూస్తుండగానే తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: "గ్రుహ కాదు, గృహ. ఏ బళ్లో చదివేవు?" ఆయన పకపకా నవ్వారు.

ఆయన వెళ్లాక ఆవిడ ఇంటి నుంచే ఓ స్కూలు పత్రిక పేజీలు పెట్టడం మొదలుపెట్టారు. రెండు గంటలు ఆగి, నెట్ వైరు పీకేశాను. పేజీలు సేవ్ చేయకుండా మూసేశాను. ఆవిడ ఫోన్ చేస్తే నెట్ పోయిందన్నాను.

గంటలో ఆటోలో వచ్చారు. ఆయాసపడుతూ మెట్లెక్కి, వేలాడుతున్న వైరు చూశారు.

"పేజీలేవి?"

నేను కుర్చీలోంచి లేచాను. ఆవిడ కుర్చీ లాక్కుని అన్నీ మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. ఇంతలో ఓనరు వచ్చి, "ఒంట్లో బాగోకుండా ఎందుకొచ్చేరండీ?" అన్నారు.

"నెట్ పోయిందంటండీ," అన్నారావిడ.

ఆయన వెళ్లాక నా వైపు తిరిగారు. "చెప్పలేదని నన్ను మంచిదాన్ననుకోకు. నిన్ను తీసేస్తే ఇంకోదానికి మొదట్నించీ నేర్పాలి. నాకంత టైము లేదు."

పని అయ్యేసరికి సాయంత్రమైంది. మెట్ల దగ్గర ఆవిడ గోడ పట్టుకుని ఆగిపోయారు. నేను చెయ్యి చాపాను.

"ముట్టుకోకు."

పై మెట్టు మీద కూర్చున్నారు. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నేలకు ఆనించి, ఒక్కో మెట్టూ కూర్చునే కిందికి జరిగారు. నేను పైనే నిలబడి చూస్తున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా తలెత్తలేదు.